గూగులమ్మ సౌజన్యంతో

పోయిన సంక్రాంతికి నేను రాసిన గొబ్బెమ్మల టపా గుర్తుందా? దానికి పైన ఒక బొమ్మ పెట్టాను. పావడా కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, వంగి ముగ్గు వేస్తున్న పిల్ల. జడకుప్పెలు నేలకి తగులుతుంటాయి. మీలో చాలామంది టపా కంటే ముందు ఆ బొమ్మనే మెచ్చుకున్నారు. నేనే గీసినంతగా మురిసిపోయాను. కింద "గూగులమ్మ సౌజన్యంతో" అని రాసేసి చేతులు దులుపుకున్నాను.

కిందటి నెల ఒక మెయిల్ వచ్చింది. "నమస్కారమండీ. మీ గొబ్బెమ్మల టపా చదివితే మా నాయనమ్మ గుర్తొచ్చింది. అందులో ఉన్న బొమ్మ నేను గీసింది. కుడివైపు అడుగున నా సంతకం ఉండాలి. మీరు పెట్టినదాంట్లో లేదు."

నిజం చెప్పొద్దూ, ముందు నాకు కోపమే వచ్చింది. సంతకం నేను కొయ్యలేదు, నాకు దొరికిందే అలా. ఊరంతా వాడుకుంటుంటే నన్నే ఎందుకు అడగాలి? మావారు పేపర్లోంచి తల ఎత్తకుండానే "తీసెయ్యి, గొడవ వదిలిపోతుంది" అన్నారు. తీసేశాను. క్షమించమని రెండు ముక్కలు రాసి, చివర్న "దీని మీద నేను ఒక్క రూపాయి కూడా సంపాదించలేదండీ" అని చేర్చాను.

ఆవిడ జవాబు ఇంకా నా కళ్ళముందే ఉంది. "మీరు సంపాదించలేదని తెలుసండీ. నేను పోగొట్టుకున్నాను."

కేలండర్లు వేసే ఒకాయన ఆ బొమ్మ తీసుకుంటానని బేరం కూడా కుదుర్చుకున్నాడట. తర్వాత నెట్‌లో వెతికితే అది పేరూ ఊరూ లేకుండా పదిచోట్ల కనిపించింది. "ఊరికే దొరుకుతున్నదానికి డబ్బులెందుకమ్మా?" అని తప్పుకున్నాడట. ఆయన చూపించిన వాటిలో నా బ్లాగు కూడా ఉంది. పిల్లాణ్ణి పడుకోబెట్టి, వంటిల్లు సర్దుకున్నాక రాత్రిళ్ళు గీస్తుందట ఆవిడ. ఆ డబ్బుతో పిల్లాడి రెండో టర్మ్ ఫీజు కడదామనుకుందట.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పక్కింటి వదినగారి పెరట్లో కరివేపాకు చెట్టు కొమ్మలు మా గోడ మీదకే వంగి ఉంటాయి. అయినా రెండు రెబ్బలు కావాలంటే "వదినా, కోసుకుంటున్నా" అని ఒక కేక వేయకుండా ఏనాడూ చెయ్యి పెట్టలేదు. ఆవిడ ఎప్పుడూ కాదనలేదు కూడా. రెండు రెబ్బలకి ఉన్న మర్యాద ఒక మనిషి రాత్రంతా మేలుకుని గీసిన బొమ్మకి ఎందుకు లేకపోయింది నా దగ్గర?

మర్నాడు కూర్చుని చదివాను. మన 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం బొమ్మ గీయగానే హక్కు గీసినవాళ్ళది అయిపోతుంది. ఎక్కడా రిజిస్టరు చేయించక్కర్లేదు. అది వాళ్ళు బతికున్నంతకాలం, పోయాక ఇంకో 60 ఏళ్ళు ఉంటుంది. వడ్డాది పాపయ్య గారు పోయింది 1992లో, అంటే ఆయన బొమ్మల మీద 2052 చివరిదాకా హక్కు ఉంటుంది. మనందరం మన సొంతమనుకునే బాపు గారి బొమ్మలకైతే 2074 దాకా. రవివర్మ 1906లో, మన రాజమండ్రి దామెర్ల రామారావు గారు 1925లో పోయారు కాబట్టి వాళ్ళ చిత్రాలకి ఆ గడువు తీరిపోయింది.

పేరు వేస్తే చాలనుకునేదాన్ని. చాలదట. పేరు వేయడం వేరు, అనుమతి అడగడం వేరు. రెండూ కావాలి. ఆ బొమ్మ గురించే సమీక్ష రాస్తే చట్టం కొంత వెసులుబాటు ఇస్తుంది కానీ, నా కబుర్లకి అలంకారంగా పెట్టుకుంటే ఇవ్వదు. "క్రియేటివ్ కామన్స్" అని రాసి ఉన్నవి మాత్రం గీసినవాళ్ళే ముందుగా ఒప్పుకుని పెట్టినవి. వాటికీ షరతులుంటాయి. కొన్ని వ్యాపారానికి వాడకూడదు, కొన్నిట్లో మార్పులు చేయకూడదు. షరతు చదివి, పేరు వేసి వాడుకోవాలి. ఇక గూగులమ్మ అంటారా, ఆవిడ ఫలానా ఇంట్లో ఉందని దారి చూపిస్తుందంతే. ఇల్లు ఆవిడది కాదు.

తర్వాత పాత టపాలన్నీ తిరగేశాను. నలభై ఒక్క బొమ్మలు తేలాయి. ఎవరివో తెలియనివన్నీ తీసేశాను. తెలిసిన నలుగురికి మెయిల్ రాశాను. ఇద్దరు సంతోషంగా ఒప్పుకున్నారు, ఇంతకుముందు ఎవరూ అడగలేదని ఒకాయన ఆశ్చర్యపోయారు కూడా. ఒకావిడ కొద్దిగా డబ్బు అడిగితే పోపుల డబ్బాలోంచి తీసి పంపాను. నాలుగో ఆయన జవాబివ్వలేదు. మౌనం అర్ధాంగీకారం అనే మాట ఇక్కడ పనికిరాదని ఆ బొమ్మ తీసేశాను.

ముగ్గు బొమ్మ ఆవిడకి మళ్ళీ రాశాను, ఈసారి సంజాయిషీలు లేకుండా. వాడుకున్నందుకు ఎంత ఇమ్మంటారని అడిగాను. ఆవిడ చెప్పింది పంపాను. పోయిన కేలండరు బేరం ముందు అదెంతని? సంతకంతో ఉన్న బొమ్మ ఆవిడే పంపి, పెట్టుకోమంది. ఇప్పుడు ఆ టపా తెరిస్తే కింద గూగులమ్మ ఉండదు. ఆవిడ పేరే ఉంటుంది. కేలండరు వేయించుకునేవాళ్ళు మీకెవరైనా తెలిస్తే చెప్పండి.

ఖాళీ అయిన చోట్ల నేను తీసిన ఫొటోలే పెడుతున్నాను. వంకర ముగ్గులే అనుకోండి, నావే. దీపావళి టపాకి మాత్రం మా అమ్మాయి నోటుపుస్తకంలో గీసిన చిచ్చుబుడ్డి బొమ్మ పెట్టాను. అది బడినించి వచ్చి చూసి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"నన్ను అడిగావా?"

"నా కూతురివి కదే!"

"అయితే?"

ఏం చెప్పను? అడిగాను. కాసేపు ఆలోచించి, "సరే పెట్టుకో. కానీ ఆ మూల కోసెయ్యకు, అక్కడ నా పేరుంది" అంది.