కారే కారు

తెనాలిలో మా ఇంటి వాకిట్లో, గుమ్మానికి నాలుగడుగుల దూరంలో, అరచేయంత నల్లని మరక ఒకటి ఉన్నది. అది నాన్నగారి అంబాసిడర్ పెట్టిన మరక. 1986 నాటి మార్క్ ఫోర్ అది. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి పోలికలతో, కలకత్తా దగ్గరి ఉత్తరపారాలో పుట్టిన వంశం. బడిపంతులుగా పనిచేస్తున్న నాన్నగారు 1994లో దానిని ఒక ప్లీడరుగారి వద్ద కొన్నారు.

2011లో అది వెనుక నుంచి నూనె కార్చడం మొదలుపెట్టింది. "కారు అన్న తరువాత కారకేం చేస్తుంది?" అని అమ్మ మొదట నవ్వింది. పదిరోజుల తరువాత నవ్వలేదు. ఆ మరక సరిగ్గా ఆమె ముగ్గు పెట్టే చోట పడుతున్నది మరి.

సంగతేమిటంటే, కారు మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం లోపలి చక్రం కంటె ఎక్కువ దూరం నడవాలి. రెండింటినీ ఒకే కడ్డీకి బిగిస్తే ఏదో ఒకటి నేలను ఈడ్చుకుంటూ పోతుంది. ఆ తగవు తీర్చే పెద్దమనిషి డిఫరెన్షియల్. వెనుక ఇరుసు నడుమ, ఇనుప కుండ వంటి డొల్లలో, చిక్కని గేర్ ఆయిల్‌లో తడుస్తూ, రెండు చక్రాలకూ ఎవరి వేగం వారికి పంచిపెడుతుంది. ఇంజను శక్తి పొడవాటి షాఫ్టు మీదుగా వచ్చి, పినియన్ అనే చిన్న పళ్ళచక్రం ద్వారా ఆ కుండలోకి చేరుతుంది. కడ్డీ తిరుగుతూనే ఉండాలి, నూనె మాత్రం బయటికి రాకూడదు. ఆ ద్వారం దగ్గర కాపలా ఉండేదే ఆయిల్ సీలు. ఒక రబ్బరు వలయం, దాని లోపలి అంచున పెదవి, పెదవి వెనుక సన్నని స్ప్రింగు. అంతే.

ఆ సీలును రెండు నెలల్లో రెండుసార్లు మార్పించాము. సీలు ఖరీదు స్వల్పమే గాని, దానిని చేరడానికి కారు వెనుకభాగం ఎత్తాలి, షాఫ్టు విప్పాలి, పినియన్ నట్టు తీయాలి, ఫ్లాంజి లాగాలి. మార్చిన ప్రతిసారీ రెండు వారాలు పొడిగా ఉండేది, ఆపైన మళ్ళీ మొదలు. సెలవుకు హైదరాబాదు నుంచి వచ్చిన నేను, విసుగుతో, "అమ్మేద్దాం నాన్నగారూ. దీని కాలం అయిపోయింది," అన్నాను. ఆయన పత్రికలోంచి తలెత్తలేదు. అప్పటికి పదవీవిరమణ చేసి ఆరేళ్ళు. ఆయన మాట్లాడటం తగ్గిందని అమ్మా నేనూ అనుకునేవాళ్ళం గాని, ఎందుకని ఎన్నడూ విచారించలేదు.

చివరి ప్రయత్నంగా బెజవాడ ఆటోనగర్‌లో ఒక వృద్ధ మేస్త్రీ వద్దకు తీసుకువెళ్ళాము. ఆయన కారు కిందికి దూరలేదు. ముందు ముక్కాలిపీట లాక్కొని నాన్నగారి ఎదుట కూర్చున్నారు.

"మాస్టారూ, ఎప్పుడు కారుతుందండీ? ఊళ్ళో తిరిగినప్పుడా, దూరం వెళ్ళొచ్చినప్పుడా?"

నాన్నగారు వెంటనే చెప్పారు. "దూరం వెళ్ళినప్పుడే. బజారుకు వెళ్ళొస్తే చుక్క పడదు. గుంటూరు వెళ్ళొస్తే తెల్లారేసరికి మరక. ఎండాకాలం మరీను."

మేస్త్రీ తల ఊపి, నూనె పోసే మర మూతను పానాతో కొద్దిగా వదులు చేశారు. అప్పుడే అంతదూరం నడిచి వచ్చిన బండి. లోపలి నుంచి 'బుస్' మని గాలి తన్నుకొచ్చింది.

ఇరుసు గొట్టం మీద బ్రీదర్ అనే చిన్న ఊపిరిరంధ్రం ఒకటి ఉంటుంది. బండి నడిచేకొద్దీ లోపలి నూనె వేడెక్కుతుంది, గాలి వ్యాకోచిస్తుంది, ఆ రంధ్రం గుండా బయటికి పోతుంది. మా కారులో అది ఏళ్ళ తరబడి మట్టితో, జిడ్డుతో పూర్తిగా పూడుకుపోయింది. పోయే దారిలేని గాలి నూనెను నెట్టింది. నూనె అన్నింటికన్నా మెత్తని చోటును, ఆ రబ్బరు పెదవిని, తోసుకుని వచ్చింది. మేము కారిన చోటునే రెండుసార్లు శిక్షించాము.

సీలు పెదవి ఎలాగూ పాడైంది కనుక దానినీ మార్చారు. నట్టు ఎక్కడ ఉన్నదో విప్పేముందే గుర్తు పెట్టుకున్నారు. ఎక్కువ బిగిస్తే బేరింగులు నలుగుతాయి, తక్కువైతే పళ్ళు ఊగుతాయి. ఫ్లాంజి మెడ మీద గోటితో గీసి చూపారు. ఇన్నేళ్ళు మెత్తని రబ్బరు రాసుకున్న చోట ఉక్కులో సన్నని గాడి! దానిని నున్నగా చేసి, కొత్త సీలుకు నూనె రాసి, పెదవి లోపలివైపు ఉండేలా చెక్కముక్క ఆనించి చుట్టూ సమంగా తట్టి దింపారు.

తిరుగు దారిలో ఉండబట్టలేక అడిగాను. "దూరం వెళ్తేనే కారుతుందని మీకు ముందే తెలుసా? మరి చెప్పలేదేం?"

"నన్నెవరు అడిగార్రా?" అన్నారు, రోడ్డు మీదినుంచి చూపు తిప్పకుండా.

ఆ మాటలో నిష్ఠూరం లేదు. అందుకే ఎక్కువ గుచ్చుకున్నది. ఆ రోజు తెనాలి చేరేవరకు అడుగుతూనే ఉన్నాను. ఆయన చెబుతూనే ఉన్నారు. బడి గంట వినిపించని ఉదయాల గురించి, చూపు మందగించి రాత్రిళ్ళు బండి నడపాలంటే పుట్టే భయం గురించి.

ఉత్తరపారాలో అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. నాన్నగారు 2017లో వెళ్ళిపోయారు. కారు మాత్రం ఉన్నది, అమ్మలేదు. ఏటా సంక్రాంతికి వెళ్ళినప్పుడు కిందికి దూరి ఆ బ్రీదర్‌ను శుభ్రం చేస్తాను. ఆ తరువాత లేచి, చేతులు కడుక్కుని, అమ్మ పక్కన కూర్చుని అడుగుతాను.

"మోకాళ్ళు ఎప్పుడు నొప్పెడుతున్నాయమ్మా? పొద్దున్నా, సాయంత్రమా?"