పట్టంచు లంగా

శ్రీరామనవమికి ఇంక నాలుగు రోజులే ఉంది. మా పాప లంగా మాత్రం ఇంకా చీరగానే టైలరమ్మ బీరువాలో ఉంది. సంక్రాంతి వెళ్ళిన వారానికి ఇచ్చానండీ!

అది మా అత్తయ్య పెళ్ళినాటి గద్వాల్ చీర. ఒళ్ళంతా నూలు, అంచులూ కొంగూ పట్టు. "నేనిక కట్టను, నువ్వెట్లాగూ కట్టవు, పిల్లకి కుట్టించు" అని తనే తీసిచ్చారు. ఇచ్చేముందు మడత విప్పి అంచు మీద చెయ్యేసుకుని కాసేపు కూర్చున్నారు. అందుకే నాకింత ఆత్రం.

మొదట్లో హాఫ్ శారీ ఫంక్షన్ల ఆర్డర్లన్నారు. తర్వాత హెమ్మింగ్ చేసే అమ్మాయి మిరపకాయ కోతలకి పోయిందన్నారు. మా వైపు ఆ రోజుల్లో ఇంట్లో మనిషి దొరకడమే కష్టం, కాదనలేను. మొన్న గట్టిగా అడిగితే అసలు సంగతి చెప్పింది.

"అక్కా, పిల్లని చూడకుండా కత్తెర పెట్టను."

పాప ఖమ్మంలో గురుకులం హాస్టల్లో ఉంటుంది. సంక్రాంతికొచ్చినప్పుడు పొడవు 34 అంగుళాలు. వార్డెన్ మేడమ్‌ని బతిమాలి టేపు పెట్టించాను, 36 అన్నారు. ఆ అంకె చెప్తే టైలరమ్మ ఒప్పుకోలేదు. "ఎక్కడ్నించి కొలిచిందో ఆమె? నడుం ఎక్కడ కట్టుకుంటదో పిల్లకే తెలుసు."

ఆమె మాటలో న్యాయం ఉంది. చీర పన్నానే లంగా పొడవు. కింద అంచు అట్లాగే ఉంచి, పై అంచు కోసి జాకెట్టు చేతులకి వేస్తారు. మిగిలిన పొడవు టక్కులుగా లోపలికి మడిచి కుడితే, పిల్ల ఎదిగేకొద్దీ ఒక్కో టక్కు విప్పుకోవచ్చు. నడుం దగ్గర కుచ్చిళ్ళకే కొలతకి మూడింతల బట్ట కావాలి. ఎక్కడ కోసినా మళ్ళీ చీర కాదది.

గ్లాస్గోలో చదువుతున్న మా పిన్ని కొడుకు ఫోన్ చేస్తే ఈ గొడవంతా చెప్పాను. నవ్వాడు. అక్కడ మగవాళ్ళు పెళ్ళిళ్ళకి కట్టుకునే కిల్టుకి ఎనిమిది గజాల దాకా ఉన్ని గుడ్డ పడుతుందట. కుచ్చిళ్ళన్నీ వెనకే! చేత్తో కుట్టించుకోవాలంటే వారాల తరబడి ఆగాల్సిందేనట. అత్తయ్యకి చెప్తే, "మగపిల్లాడికి ఎనిమిది గజాలా! ఇంకా నయం, నీ కొడుక్కి కుట్టించమనలేదు" అన్నారు.

అవతల భద్రాద్రి సీతమ్మకి పట్టువస్త్రాలూ, ముత్యాల తలంబ్రాలూ ప్రభుత్వం తరఫున వేళకి వచ్చేస్తాయి. మిథిలా స్టేడియంలో కల్యాణానికి పాప ఆ లంగాతోనే కూర్చోవాలని అత్తయ్య కోరిక. ఈసారి మోకాళ్ళ వల్ల తను రాలేరు. "ఇంట్లో వేసి, నాకు చూపించి పోండి చాలు" అంటున్నారు.

లైనింగు గుడ్డ తడిపి ఆరేసి పెట్టిందట, దారం రంగు కూడా కలిపి చూసుకుందట టైలరమ్మ. పాప రేపు పొద్దున బస్సెక్కుతుంది. కొత్తగూడెం, పాల్వంచ దాటి వచ్చేసరికి మధ్యాహ్నమవుతుంది. బస్టాండు నుంచి ఇంటికి కాదు, నేరుగా మిషను దగ్గరికే తీసుకురమ్మని మావారికి చెప్పాను. అన్నం క్యారేజీలో పెట్టుకుని నేనక్కడే ఉంటాను.