బూరె ఉన్న ఇల్లు

సెప్టెంబరు 5, 2024

విజయవాడ సింగ్‌నగర్‌లో ఇంకా వరదనీళ్ళు తీయలేదు. పులిహోర పొట్లాలు పంచడానికి వెళ్ళిన మా ఆయన చీకటి పడ్డాక అట్టపెట్టెతో వచ్చాడు. లోపల పిల్లికూన. బుడమేరు వాగు బురద చెవుల్లోకి కూడా పోయింది. పాత పంచెతో తుడుస్తుంటే పసుపురంగు తేలింది. బూరె అన్నాను. అదే పేరైపోయింది.

పక్కింటావిడ పాలు తెచ్చిచ్చారు. ఆవుపాలు వద్దు, విరేచనాలు పట్టుకుంటే ఈ ప్రాణం నిలవదని డాక్టరు ఫోన్లో చెప్పారు. ఉడికించిన కోడిమాంసం మెత్తగా నలిపి వేలితో నాకించాం. వేడినీళ్ళ సీసాకి గుడ్డ చుట్టి పక్కన పెట్టాం. తెల్లారేదాకా ఉంటుందా?

సెప్టెంబరు 9

ఉంది. డాక్టరు పళ్ళు చూసి ఆరు వారాలుంటుందన్నారు. బరువు 580 గ్రాములు. నులిపురుగుల మందు వేశారు. పిల్లులకొచ్చే మూడు జబ్బులకి కలిపి ఒకే టీకా ఎనిమిదో వారంలో మొదలు, మూడు నాలుగు వారాలకోసారి పదహారో వారం దాకా. రేబిస్‌ది మూడు నెలలు నిండాక.

పెరుగన్నం పెట్టొచ్చా అని అడిగాను. కడుపు నిండుతుంది, గుండె దెబ్బతింటుంది అన్నారు. టారిన్ అనే పోషకం ప్రధానంగా మాంసాహారంలో దొరుకుతుందట. పిల్లి ఒంట్లో సరిపడా తయారవదు. అది చాలకపోతే గుండెతో పాటు చూపు కూడా పోతుంది.

మరి అమ్మమ్మ ఇంట్లో గాదె కింద తిరిగిన పిల్లులు? పెరుగన్నంతో బతికాయనుకున్నాం. ఎలకలతో బతికాయి.

అక్టోబరు 6

బాల్కనీకి జాలీ వేయించాం. ముందొచ్చినతను పావురాల కోసం కట్టే నైలాన్ వల చాలన్నాడు. చాలదు. పళ్ళతో కొరికితే తెగుతుంది. స్టీలు జాలీయే కావాలన్నాను. ఖర్చు ఎక్కువే. మాది నాలుగో అంతస్తు.

న్యూయార్క్‌లో ఎత్తు మేడల మీంచి పడి ఆసుపత్రికి చేరిన 132 పిల్లుల మీద 1987లో ఒక పరిశీలన అచ్చయిందట. 90 శాతం బతికాయి. పిల్లికి ఏమీ కాదు, కాళ్ళ మీదే పడుతుంది అని అందరూ ధీమాగా చెప్పేది అందుకేనేమో. కానీ అవి ఆసుపత్రి దాకా చేరినవి. కిందే పోయినవాటిని ఎవరు లెక్క పెట్టారు?

అక్టోబరు 20

ఆటలో మా ఆయన మణికట్టు మీద గీరింది. సన్నగా రక్తం. కుళాయి కింద సబ్బుతో పావుగంట కడిగించాను. దానికింకా రేబిస్ టీకా పడలేదు. ఇంట్లో కూనేగా అని తను విసుక్కున్నాడు. వచ్చింది వరదలోంచి. పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాను. ఇవాళ సూది మొదలు, తర్వాత 3, 7, 28 రోజులకి. చీటీ ఫ్రిజ్ మీద అంటించాను.

అక్టోబరు 31

దీపావళి. మధ్య గదిలో కిటికీలు మూసి, ఫ్యాను వేసి, టీవీ పెద్దగా పెట్టి ఉంచాం. నీళ్ళూ మట్టిపెట్టె లోపలే. అయినా బీరువా వెనకనుంచి రాలేదు. ప్రమిదలు ఈసారి గుమ్మం బయటే.

డిసెంబరు 4

రెండు గీతలు. ఇంకా ఎవరికీ చెప్పలేదు. బూరె ఒళ్ళో పడుకుని ఉంది, లేవబుద్ధి కాలేదు.

డిసెంబరు 9

రేపల్లె నుంచి అత్తయ్య వచ్చారు. చెప్పులు విప్పకముందే చూశారు దాన్ని.

"కడుపుతో ఉన్న ఇంట్లో పిల్లేంటమ్మాయ్? పంపించెయ్యండి."

అరవలేదు. మెల్లిగానే అన్నారు. మెల్లిగా అన్నందుకే రాత్రంతా నిద్ర లేదు. బిడ్డకేమన్నా అయితే... ఈ మాటకి నా దగ్గర జవాబేది?

డిసెంబరు 12

పిల్లి మలం నుంచి కూడా సోకే టాక్సోప్లాస్మా క్రిమి పరీక్ష ఫలితం వచ్చింది. నెగటివ్. సంతోషించాలనుకున్నాను. డాక్టరమ్మ చెబుతుంటే అర్థమైంది, ఇదివరకు సోకలేదు కనక ఒంట్లో రక్షణ లేదు. ఇప్పుడు సోకకూడదు.

అత్తయ్య నా వైపు చూశారు. నేను నేల వైపు.

అయితే పిల్లిని పంపక్కర్లేదన్నారు డాక్టరమ్మ. ఎలకల్నో పచ్చిమాంసమో తిన్న పిల్లికి అది సోకుతుంది. సోకాక కూడా సాధారణంగా రెండు మూడు వారాలే మలంలో గుడ్లు పడతాయి. పడ్డవి వెంటనే అంటుకోవు, కనీసం ఒక రోజు పడుతుంది. పెట్టె రోజూ తీసేయాలి, మీరు కాకుండా ఇంకొకరు తీయాలి. దానికన్నా సరిగా ఉడకని మాంసం, కడగని ఆకుకూర, తోటమట్టి చూసుకోండి అన్నారు.

ఇంటికి రాగానే అత్తయ్య తోటకూరకి మూడు నీళ్ళు మార్చారు. పిల్లి గురించి ఏమీ అనలేదు. పెట్టె పని ఇక మా ఆయనది, పొద్దున్నే, కాఫీ కంటే ముందు.

డిసెంబరు 28

ఫినాయిలుతో నేల తుడిపించారు అత్తయ్య. ఆ తడిలో నడిచి బూరె పాదాలు నాక్కుంటుంది. ఆ మందు పిల్లి కాలేయానికి అరగదు. మళ్ళీ మంచినీళ్ళతో తుడిపించాను. "దాని కోసం ఇల్లు కంపు కొట్టాలా?" అన్నారు. సబ్బునీళ్ళు చాలు అత్తయ్యా అన్నాను. ముభావంగా ఉన్నారు రాత్రి దాకా.

జనవరి 14, 2025

సంక్రాంతి. పైన మేడ మీద పిల్లల గాలిపటాలు. తెగిన మాంజా మా జాలీకి చిక్కుకుని వేలాడుతోంది. గాజుపొడి పూసిన దారం, చేత్తో పట్టుకుంటేనే కోసింది. మొత్తం ఏరి కాగితంలో చుట్టి పారేశాను. కనపడే దారం సరే.

జనవరి 20

పొద్దున్నించి కక్కుతోంది. గిన్నె ముట్టలేదు. మంచం కింద ఒళ్ళు ముడుచుకుని కూర్చుంది, పిలిస్తే చెవి కూడా తిప్పలేదు. నోరు తెరిపించి సెల్‌ఫోను లైటు వేశాను. నాలుక కింద తెల్లటి దారం, మొదట్లో మెలిక పడి, కండలోకి దిగిపోయి. దానికి ఒక కనకాంబరం తొడిమ ఇంకా అంటుకునే ఉంది.

తను లాగబోతే చెయ్యి పట్టుకున్నాను. లాగకూడదు. కత్తిరించకూడదు.

గన్నవరం, పశువైద్య కళాశాల ఆసుపత్రి. దారం ఒక కొస నాలుకకి చిక్కుకుంది, రెండోది పేగులో. పేగు కిందికి తోస్తుంది, దారం కదలదు. నాడా బిగిస్తే లంగా నడుము కుచ్చులు పడ్డట్టు పేగంతా దారం మీదికి ముడుచుకుపోతుందట. అప్పుడు లాగితే దారం పేగుని కోసేస్తుంది.

ఆపరేషన్ చేయాలన్నారు. సంతకం తను పెట్టాడు. నన్ను లోపలికి రానివ్వలేదు. బెంచీ మీద అత్తయ్య నా పక్కనే కూర్చున్నారు. జడలో పూలు లేవు. ఎప్పుడు తీసేశారో చూడలేదు. దారం ఎవరిదని నేను అడగలేదు.

జనవరి 22

ఒక చెంచా తింది. పేగు ఎక్కడా చిల్లు పడలేదు, వేళకి తెచ్చారన్నారు. మెడకి ప్లాస్టిక్ పట్టీ. కుట్లు నాకకుండా.

వంటింటి గట్టు మీద మూతున్న డబ్బా కొత్తగా కనిపించింది. తెరిచాను. పూలదండ దారపు ముక్కలు, సూది, కిరాణా పొట్లాల పురికొస, రబ్బరు బ్యాండ్లు. అన్నీ ఏరి పెట్టింది నేను కాదు.

మార్చి 8

పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ కూడా అయిపోయింది. మగదే కదా ఎందుకు అన్నారు చాలామంది. ఊరి మీద తిరగదు, కొట్లాటలు ఉండవు, గోడలకి మూత్రం కొట్టదు. బయట ఇంకో నాలుగు కూనలు కాలవగట్ల మీద పుట్టవు.

మార్చి 16

అత్తయ్యకి జ్వరం. పారాసెటమాల్ మాత్ర చేతిలోంచి జారిపోయింది. ఆవిడే మోకాళ్ళ మీద వంగి మంచం కింద వెతికారు, జ్వరంతోనే. పిల్లికి ఒక్క మాత్ర చాలు, రక్తం ప్రాణవాయువుని మోయలేదు, చిగుళ్ళు గోధుమరంగుకి తిరుగుతాయి. ఎప్పుడో ఒకసారి అన్నాను ఆ మాట. గుర్తుంది ఆవిడకి.

దొరికింది, తలగడ గలీబు మడతలో. వేడి చేసిన ఒంటితోనే నవ్వారు.

ఏప్రిల్ 27

విజయవాడ ఎండ. నేల మీద పొట్ట ఆనించి పడుకుంటోంది. మూడు చోట్ల నీళ్ళు పెట్టాను, తిండిగిన్నెకి దూరంగా. దగ్గరుంటే సరిగా తాగదు. మగపిల్లులకి మూత్రనాళం సన్నం. పెట్టెలో కూర్చుని ముక్కుతూ ఏమీ రాకపోతే మర్నాటిదాకా ఆగకూడదు, ఆ రోజే ప్రాణం మీదికి రావచ్చు. అందుకే పెట్టెలో ఉండలు ఎన్నో, ఎంతెంతో తను రోజూ చెప్పాలి నాకు. చెబుతున్నాడు. లోపల ఇంకొకరు కాలితో తన్ని వింటున్నారు.

మే 10

ఏడో నెల. రేపు రాజమండ్రి, పుట్టింటికి. బూరె ఇక్కడే. అత్తయ్య ఉంటారు.

కాగితం రాసి బీరువాకి అంటించాను.

ఉల్లి, వెల్లుల్లి పడ్డ కూర ముక్క కూడా వద్దు, రక్తకణాలు విరిగిపోతాయి. బీరువాలో కలరా ఉండలు తీసేశాను, మళ్ళీ వేయొద్దు. గన్నేరు పూలు దేవుడికైనా ఇంట్లోకి వద్దు. కుక్కలకి పోసే పిడుదుల మందు దీనికి పోయొద్దు. వాషింగ్ మెషీన్ మూత వేసే ముందు లోపల చెయ్యి పెట్టి చూడాలి. ఒక రోజంతా తినకపోతే డాక్టరుకి ఫోన్.

అత్తయ్య కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివారు. కింద తన చేతిరాతతో ఒకటి కలిపారు: పూలదారం డబ్బాలో.

జూన్ 19, రాజమండ్రి

అత్తయ్య ఫోన్. నన్ను అడగాల్సినవన్నీ అడిగాక, అడగకుండానే చెప్పారు. తింది, నీళ్ళు తాగింది, పెట్టెలో ఉండలు మామూలే, బరువు మూడున్నర.

సాయంత్రం పిన్ని కూతురు ఫోన్ చేసింది. దానికి మూడో నెల. ఇంట్లో రెండు పిల్లులు. రైతుబజారు దగ్గర వదిలేయమంటున్నారట. ఏడుస్తోంది.

వదలొద్దన్నాను. ముందు పరీక్ష చేయించుకో. పెట్టె నువ్వు ముట్టుకోకు, ఇంట్లో ఎవరో ఒకరు రోజూ తీయాలి. పచ్చిమాంసం పెట్టకు, బయటికి వదలకు. మాంసం బాగా ఉడకనియ్యి, ఆకుకూర బాగా కడుగు, చేతులు కడుక్కో. ఇంతే. దీనికోసం ప్రాణమున్నదాన్ని రోడ్డు మీద వదిలేయాల్సిన పని లేదు. మీ అత్తగారితో నేను మాట్లాడతానని కూడా చెప్పాను. లేకపోతే మా అత్తయ్య చేత మాట్లాడిస్తాను.