రెండవ తాళపుచెవి

పూర్వము మధ్యతరగతి గృహస్థుని సొత్తు ఏదియని యడిగినచో పొలము, ఇల్లు, ఇల్లాలి మెడలోని బంగారము అని చెప్పుట సులభముగా నుండెను. నేడు మరియొక సొత్తు కూడ కలదు. అది చేతిఫోనులలో చేరియున్నది. పిల్లల తొలియడుగులు, గతించిన పెద్దల కంఠస్వరము, దస్తావేజుల నకళ్లు, వైద్యుల చీటీలు - ఇందులో కొన్ని పోయినచో ఎంత ధనము వెచ్చించినను మరల రావు. ఇట్టి సొత్తును మనలో పెక్కుమంది పరుల గిడ్డంగులలో నుంచి నిశ్చింతగా నిద్రించుచున్నారు.

గిడ్డంగులవారిని నిందించుట మా యుద్దేశము గాదు. వారు నిపుణులు, వారి యంత్రములు మన యంత్రములకన్న దృఢములు. అయినను గిడ్డంగి వారిది గనుక నిబంధనలును వారివే. గూగులు సంస్థ తన పికాసాను 2016లో విరమించెను. గూగుల్ ఫోటోస్‌లో హద్దులేక ఉచితముగా చిత్రములను దాచుకొను సౌకర్యమును 2021 జూన్ 1 నుండి నిలిపివేసెను. ఇది మోసము గాదు. అద్దె మార్చుట మాత్రమే. అద్దె యింటివానికి గోడకు మేకు కొట్టుటకు సయితము అనుమతి వలయును గదా! అందుచేత చిన్న కంప్యూటరు నొకదానిని ఇంటనే నిరంతరము నడుపుచు, తమ చిత్రములను పత్రములను అందు నిలుపుకొన గోరువారు కలరు. మేమును వారిలో చేరినవారమే.

కాని సొంత యింట నున్నంత మాత్రమున సొత్తునకు రక్షణ కలుగదు. 2021 జూన్ నెలలో వెస్టర్న్ డిజిటల్ వారి మై బుక్ లైవ్ అను పెట్టెలు పెక్కు గృహములలో హఠాత్తుగా శూన్యములైనవి. ఆ పెట్టెలు యజమానుల బల్లలమీదనే యుండెను. అయితే 2015 తరువాత వానికి సవరణలు లేవు. ఇంటర్నెట్టునకు వాని ద్వారములు తెరచియుండెను. దుర్జనులు దూరమునుండియే చొచ్చి తుడిచివేసిరి.

సంస్కృతమున యోగక్షేమములను జంటపదము కలదు. లేనిదానిని పొందుట యోగము. పొందినదానిని కాపాడుకొనుట క్షేమము. సాఫ్టువేరును వర్ణించువారు యోగమునే వర్ణింతురు. గృహస్థుడు క్షేమమును గూర్చి ప్రశ్నింపవలయును. దీనికి వయస్సెంత? దీనిని పోషించువారెవరు? దీనిని విడిచిపెట్టిననాడు మా వస్తువులు మాకు యథారూపమున దక్కునా? డెబియన్ 1993లో ఆరంభమై, నేటికిని స్వచ్ఛంద సేవకుల సమూహముచే నడుచుచు, ప్రతి స్థిరప్రతికిని కొన్ని సంవత్సరములు భద్రతాసవరణలను అందించుచున్నది. నెక్స్ట్‌క్లౌడ్ 2016లో ఓన్‌క్లౌడ్ నుండి చీలివచ్చినది. సోర్సుకోడు బహిరంగమై యుండుటచేతనే అది సాధ్యమయ్యెను. సింక్‌థింగ్ ఫైళ్లను ఉన్నవి ఉన్నట్లుగనే ఒక యంత్రమునుండి మరియొకదానికి చేర్చును. చిత్రములకై 2022లో బయలుదేరిన ఇమ్మిచ్ 2025 అక్టోబరులో స్థిరప్రతిగా వెలువడినది. అంతకుముందు, చిత్రములను దానియందు మాత్రమే దాచవలదని దాని నిర్మాతలే హెచ్చరించుచుండిరి. ఆ హెచ్చరికను మేము సత్యసంధతకు గుర్తుగా గైకొంటిమి.

ఇంక ఇంటి నెట్‌వర్కు సంగతి. ఆ కంప్యూటరును రౌటరుతో వైఫై మూలమునగాక తీగతో కలుపుట మేలు. రౌటరు పాస్‌వర్డును అది యింటికి వచ్చిననాడే మార్చవలయును. అతిథులకు వేరు వైఫై నొసగవలయును. ఊరినుండి చిత్రములు చూడగోరి రౌటరులో పోర్టులను విచ్చలవిడిగా తెరచుట వీధితలుపు తీసియుంచుటయే. 2020లో లినక్సు కెర్నెలులో చేరిన వైర్‌గార్డు తన తాళపుచెవి గల యంత్రమునకు దక్క అన్యులకు బదులైనను పలుకదు. ఆ యొక్క ద్వారము చాలును. ఒకే బహిరంగ చిరునామాను పెక్కిండ్లకు పంచు కనెక్షనులలో ఇది నేరుగా సాధ్యపడదు గాన ముందుగా విచారించుకొనుట మంచిది. కరెంటు తరచుగా పోవు ఊళ్లలో కంప్యూటరునకు, రౌటరునకు గూడ యూపీయస్ ఉండవలయును.

నకళ్లు మూడుండవలయుననియు, అవి రెండు విధముల సాధనములపై నుండవలయుననియు, ఒకటి వేరొక చోట నుండవలయుననియు నిపుణులు చెప్పుదురు. ఒకే పెట్టెలో జంటగా నుంచిన డిస్కులు రెండు నకళ్లు గావు. ఒకదానియందు చెరిపినది రెండవదానియందును ఆ క్షణముననే చెరిగిపోవును.

ఇంతవరకు చెప్పినదంతయు తెలిసి, అట్లే ఆచరించిన మిత్రు డొకడు మాకుండెను. డిస్కులను గూడ పాస్‌వర్డుతో బంధించి యుంచెను. అకస్మాత్తుగా కాలధర్మము నొందెను. ఆయన భార్య పట్టభద్రురాలు; ఇంటి లెక్కలన్నియు చూచునది ఆమెయే. కంప్యూటరు మాత్రము ఆయన వ్యవహారమని ఆమెకు ఎవరును చెప్పలేదు, ఆమె యడుగలేదు. డిస్కు చెడలేదు, ఒక్క ఫైలు పోలేదు. అయినను అందున్న తన బిడ్డల బాల్యమును ఆమె నేటికిని చూడజాలకున్నది. దొంగలకు వెరచి వేసిన తాళము ఇల్లాలికే అడ్డమైనది.

కావున మా యింట సాఫ్టువేరును ఎన్నుకొనుటకు కడపటి పరీక్ష యొకటి కలదు. దారియంతయు కాగితపు పుస్తకములో మా యింటివారి చేతివ్రాతతో నున్నది. ఆ పుస్తకము పొలము దస్తావేజులున్న పెట్టెలోనే యుండును. సంవత్సరమునకు రెండుమారులు ఆమెయు, పదమూడేండ్ల మా అమ్మాయియు ఆ పుస్తకమును మాత్రమే చూచి, నకలు డిస్కునుండి ఒక సంవత్సరపు చిత్రములను వేరొక కంప్యూటరులోనికి తిరిగి తెత్తురు. మేము నోరు మెదపకుండ దూరముగా కూర్చుండవలయును. మా సాయము లేక వారికి సాధ్యపడని సాఫ్టువేరు, ఎంత ప్రఖ్యాతమైనదైనను, మా యింట నిలువదు. ఇట్లు రెండింటిని ఇదివరకే సాగనంపితిమి.

"ఆడవారికి ఈ శ్రమ యేల?" అని మా మిత్రులు కొందరు నవ్వుదురు. ఈ ప్రశ్న మనకు క్రొత్తది గాదు. ఆడవారికి చదువేల యనినవారు అడిగినదియు నిదియే. ఇంత తీరిక యే యింటనైన లేకున్నచో పరుల గిడ్డంగినే నమ్మి, ఏటేట ఒక నకలును డిస్కుపై ఇంట నుంచుకొనుడు. అందు చిన్నతనము లేదు. కాని యింట కంప్యూటరును నిలుపదలచితిరేని, దానిని కొనుటకు ముందే రెండవ తాళపుచెవి యెవరి చేతిలో నుండునో నిర్ణయింపుడు. ఒక్కని బుద్ధిపై నిలిచినది ఆ యొక్కని ఆయువు ఉన్నంతవరకే నిలుచును.