ఐదో టైరు

మన దగ్గర స్పేర్ వీల్‌ని ఎవరూ స్పేర్ వీల్ అనరు. స్టెప్నీ అంటారు. ఆ మాట ఒక వీధి పేరు నుంచి వచ్చింది. వేల్స్‌లోని లానెల్లి ఊళ్ళో స్టెప్నీ స్ట్రీట్ అని ఒక వీధి ఉంది. 1904లో డేవీస్ అనే అన్నదమ్ములు అక్కడ ఒక అదనపు చక్రం తయారుచేసి అమ్మడం మొదలుపెట్టారు. అప్పటి కార్లకు స్పేర్ అనేదే ఉండేది కాదు. పంచరైతే రోడ్డు పక్కన కూర్చుని బాగుచేసుకోవాల్సిందే. వీళ్ళది ఊచలు లేని రిమ్ము, దాని మీద గాలి నింపిన టైరు. పంచరైన చక్రానికే దాన్ని పక్కన బిగించి ఇంటికి పోవచ్చు. నూట ఇరవై ఏళ్ళు దాటినా ఆ వీధి పేరు మన లారీ షెడ్లలో ఇంకా బతికే ఉంది.

మా చిన్నాయన పికప్ కింద కూడా ఒక స్టెప్నీ వేలాడుతూ ఉంటుంది. ఆయన మదనపల్లె మార్కెట్ నుంచి చెన్నైకి టమోటా తోలుతాడు. బండి సెకండ్ హ్యాండ్‌ది. నాలుగు చక్రాల మీద 7.00 ఆర్15 అని ఉంటుంది. స్టెప్నీ మీద మాత్రం 215/75 ఆర్15. పాత ఓనరు లోడు కోసం నాలుగు టైర్లూ మార్చి ఐదోది అట్లే వదిలేశాడు. ఎందుకు వదిలేశాడో ఊహించడం కష్టం కాదు. నాలుగు కొనేసరికే జేబు ఖాళీ అవుతుంది. ఐదోది రోడ్డు మీద తిరగదు, కంటికి కనపడదు, దుమ్ము కొట్టుకుని ఎక్కడో కింద ఉంటుంది.

ఈ అంకెల్ని చదవడం ఒక సరదా. 215 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 75 అంటే పక్క గోడ ఎత్తు వెడల్పులో ఎంత శాతమో అది. 15 అంటే రిమ్ము, అంగుళాల్లో. ఒకే స్ట్రింగ్‌లో మూడు రకాల కొలతలు. మన ల్యాబ్‌లో ఇట్లా రాస్తే మార్కులు పోతాయి. ఇక 7.00 అనేది ఇంకా పాత పద్ధతి, అక్కడ వెడల్పు కూడా అంగుళాల్లోనే. 7 అంగుళాలంటే 178 మిల్లీమీటర్లు. అంటే 215 కన్నా సన్నం. కానీ ఎత్తులో దీనిదే పైచేయి. టేపు పెట్టి కొలిస్తే బండి టైరు అడ్డంగా 74 సెంటీమీటర్లు వచ్చింది, స్టెప్నీ 70.

రెండిట్లోనూ 15 ఉంది, బోల్టు రంధ్రాలు కలుస్తాయి, కాబట్టి చక్రం ఎక్కుతుంది. ఎర్రర్ రాకుండా కంపైల్ అయిపోయిందన్నమాట. అసలు సంగతి రన్ చేసినప్పుడు తెలుస్తుంది.

74 సెంటీమీటర్ల చక్రం కిలోమీటరుకు సుమారు 430 సార్లు తిరుగుతుంది. 70ది 455 సార్లు. తేడా 25. వంద కిలోమీటర్లకు రెండున్నర వేల చుట్లు. వెనక ఇరుసు మధ్యలో ఉండే డిఫరెన్షియల్ పని, మలుపులో బయటి చక్రం లోపలి చక్రం కన్నా ఎక్కువ తిరిగేలా చూడడం. తిన్నటి రోడ్డు మీద దాని లోపలి చిన్న పళ్ళచక్రాలకు పని ఉండదు. వెనక ఒక పక్క 74, ఇంకో పక్క 70 వేస్తే తిన్నటి రోడ్డు కూడా వాటికి మలుపే. తీరని మలుపు. ఆయిల్ వేడెక్కుతుంది, పళ్ళు అరుగుతాయి.

పోయిన వేసవి సెలవుల్లో ఒక రాత్రి నేను ఆయనతో చెన్నై బయలుదేరాను. పుంగనూరు, పలమనేరు దాటాం. మొగిలి ఘాట్ ఇంకా కొంచెం దూరం ఉందనగా వెనక ఎడమ టైరు పంచరైంది. నేను స్టెప్నీ దించి వెనక్కి దొర్లిస్తుంటే చిన్నాయన ఆపాడు.

"ఆడ గాదురా, ముందరికి తీసుకుపో."

"పంచరు వెనక కదా చిన్నాయనా?"

"అది ఎనక ఏసేది గాదు. ఎనక ఏస్తే బండి మాట ఇనదు. మా ఉస్తాదు చెప్పినాడు."

ఆయన చేసింది ఇది. చక్రాల కింద రాళ్ళు పెట్టి, మొదట ముందు ఎడమ పక్క జాకీ వేశాడు. మంచి టైరు ఊడదీసి అక్కడ స్టెప్నీ బిగించాడు. తర్వాత వెనక, లోడు మీదనే జాకీ వేసి, పంచరైన టైరు తీసి ముందు నుంచి వచ్చిన టైరు వేశాడు. ఒక్క పంచరుకు రెండు చక్రాల పని. పక్కనే కంటైనర్లు పోతుంటే ఆ గాలికే బండి ఊగుతోంది. నేను ఫోను లైటు పట్టుకుని, వచ్చే బండ్లకు చెయ్యి ఊపుతూ నిలబడ్డాను. తర్వాత స్టీరింగు ఎడమకు లాగుతున్నా, సెకండ్ గేర్లో ఘాట్ దిగి బంగారుపాళ్యంలో పంచరు అంగడి దాకా తీసుకుపోయాడు.

ఉస్తాదు మాటకు లెక్క ఉంది. బండిని నెట్టేది వెనక చక్రాలు, డిఫరెన్షియల్ ఉండేది వెనక. అంతకన్నా పెద్ద కారణం ఆ స్టెప్నీ మీదే రాసి ఉంది. సైజు పక్కన 100 అనే అంకె. అది లోడ్ ఇండెక్స్. 100 అంటే ఆ టైరు ఎక్కువలో ఎక్కువ 800 కిలోలు మోస్తుంది. నిండు లోడుతో వెనక ఇరుసు మీద రెండు టన్నులు పడితే ఒక్కో చక్రానికి వెయ్యి కిలోలు. ఆ బరువుతో ఘాట్ దిగుతుంటే ఆ టైరు పగలొచ్చు.

కొన్ని కార్లలో కంపెనీవాళ్ళే చిన్న స్టెప్నీ ఇస్తారు. కానీ దాని మీద 80 దాటొద్దని స్టిక్కరు ఉంటుంది. తేడా ఉందని వాళ్ళకు తెలుసు, మనకూ చెప్తారు. చిన్నాయన స్టెప్నీకి ఏ స్టిక్కరూ లేదు. డాక్యుమెంటేషన్ అంతా ఆయన తలకాయలో ఉంది. ఈ సీజన్లో బండికి వేరే డ్రైవర్‌ని పెట్టాలని అనుకుంటున్నాడు. ఆ కుర్రాడికి నా వయసే ఉంటుంది. రాత్రిపూట ఒక్కడే పంచరు వేసుకోవాల్సి వస్తే అతను ఏ చక్రం ఎక్కడ వేస్తాడు?

ఐదో టైరు కొనకుండా పాత ఓనరు డబ్బు మిగుల్చుకున్నాడు అనుకోవచ్చు. నాకు మాత్రం ఆ ఖర్చు అక్కడే ఆగలేదనిపిస్తుంది. అది చీకట్లో హైవే అంచున గడిపే ఒక అరగంటగా మారి, ఆ రోజు బండి ఎవరి చేతిలో ఉంటే వాళ్ళ మీద పడుతుంది.

లెక్కంతా కాగితం మీద వేసి చూపిస్తే చిన్నాయన ఓపికగా విన్నాడు. "టమోటా రేటు చూస్తివి కదరా. సీజన్ కానీ, చూద్దాం," అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. కిరాయి లెక్క ఆయనది, డీజిలు ఆయనది.

మీ ఇంట్లో బండి ఉంటే ఈసారి ఊరెళ్ళినప్పుడు కిందకి వంగి ఐదో టైరు చదవండి. సైజు, లోడ్ అంకె, ఇంకా చివర్లో నాలుగంకెల కోడ్. 1417 అని ఉంటే 2017లో 14వ వారం తయారైందని అర్థం. మిగతా నాలుగింటితో పోల్చండి. గాలి ఉందో లేదో కూడా చూడండి.

నేను మాత్రం హాస్టల్‌కి వచ్చే ముందు రోజు తెల్ల పెయింటు డబ్బా తెచ్చి, స్టెప్నీ మీద పెద్ద అక్షరాలతో "ముందరికి మాత్రమే" అని రాసి వచ్చాను. దాని కింద "నిదానంగా పోవాలి" అని చిన్నాయన నాతో రాయించాడు.