రూపాయికి పది కిలోమీటర్లు, బ్యాటరీ ఖర్చు వేరు

సైకిలుకి మోటారు బిగించే కొట్టువాళ్ళు "రూపాయికి పది కిలోమీటర్లండి" అంటారు. అందులో అబద్ధమేమీ లేదు. కాకపోతే ఆ రూపాయి కరెంటుది మాత్రమే. బ్యాటరీ అరుగుదల కిలోమీటరుకి ఎంతో వాళ్ళు చెప్పరు, మనమూ అడగం. ఆ లెక్క వేసుకున్నాకే నేను కిట్ కొన్నాను. లెక్క తేలాక కూడా ఎందుకు కొన్నానో చెప్పాలంటే పెట్రోలు దగ్గర మొదలెట్టాలి.

మాది కడియపులంక, పని ధవళేశ్వరంలో. కాలువ వెంబడే రోడ్డు, దారి పొడవునా నర్సరీలు. రానూపోనూ ఇరవై కిలోమీటర్ల లోపే. బజారుకీ బ్యాంకుకీ తిరిగేది కూడా కలిపితే నెలకి అయిదొందల కిలోమీటర్లు. మన రాష్ట్రంలో పెట్రోలు మీద 31 శాతం వ్యాట్, ఆపైన లీటరుకి 4 రూపాయలు, రోడ్డు సెస్సు ఇంకో రూపాయి. దాంతో లీటరు నూటపది చుట్టూనే తిరుగుతోంది. యానాం పక్క ఊళ్ళవాళ్ళయితే పుదుచ్చేరి పన్నుతో చవగ్గా పోయించుకుంటారు. మేం అక్కడికి వెళ్ళిరావడానికే రెండు లీటర్లు కావాలి! బండి లీటరుకి యాభై ఇచ్చినా నెలకి పది లీటర్లు, పదకొండొందల రూపాయలు.

కిట్ మొత్తం పాతికవేలు అయింది. వెనక చక్రంలో 36 వోల్టుల, 250 వాట్ల హబ్ మోటారు, కంట్రోలరు, థ్రాటిల్, తొక్కుతుంటే మోటారుని లేపే పెడల్ సెన్సరు కలిపి పన్నెండు వేలు. మిగతా పదమూడు వేలూ 10 ఆంపియర్-అవర్ లిథియం బ్యాటరీవే. కాస్త తొక్కుతూ పోతే మా చదును నేల మీద కిలోమీటరుకి పన్నెండు వాట్-అవర్లకి మించి తాగదు. చార్జరులో పోయేది కలిపినా నెలకి ఏడెనిమిది యూనిట్లు. ఇక్కడ చూసుకోవలసింది మన శ్లాబు. 126 నుంచి 225 యూనిట్ల వరకూ యూనిట్ 6 రూపాయలు, 225 దాటితే 8 రూపాయల 75 పైసలు. మా ఇల్లు ఆరు రూపాయల శ్లాబులో ఉంది కాబట్టి నెలకి యాభై లోపే. సర్దుబాటు చార్జీలు అదనం, అవి ఎప్పుడు ఎంత పడతాయో ఈపీడీసీఎల్ బిల్లు చూస్తేగానీ తెలియదు.

ఇప్పుడు అసలు లెక్క. మామూలు లిథియం బ్యాటరీని అయిదారొందల సార్లు పూర్తిగా వాడి నింపేసరికి సత్తువ బాగా తగ్గిపోతుంది. ఒక్కో నింపుకి పాతిక కిలోమీటర్లు వేసుకుంటే మొత్తం పదిహేను వేల కిలోమీటర్లు. పదమూడు వేలని దాంతో భాగిస్తే కిలోమీటరుకి 87 పైసలు. కరెంటు పది పైసలైతే బ్యాటరీ దానికి ఎనిమిది రెట్ల పైమాటే. నెలకి నాలుగొందల ముప్పై రూపాయలు కంటికి కనపడకుండా కరిగిపోతాయన్నమాట. టైర్లకీ పుల్లలకీ ఓ వంద తీసేసినా, పెట్రోలు ఖర్చుతో పోలిస్తే నెలకి అయిదొందలు మిగులుతాయి. మోటారుకి పెట్టిన పన్నెండు వేలు రెండేళ్ళలో తిరిగొస్తాయి. అమ్మేవాడు ఊరించినంత కాదు, అయినా కాదనుకోవలసినదీ కాదు.

ఆ నాలుగొందల ముప్పైనీ మొదటి నెల నుంచే వేరే పొదుపు ఖాతాలో వేస్తూ వచ్చాను. మా ఆవిడ చీటీలో వేద్దామంది. చీటీ మంచిదే, కానీ బ్యాటరీ మన గడువు చూసి చావదు. అది చచ్చిన నెలలోనే డబ్బు కావాలని పాట పెంచుకుపోతే చేతికొచ్చేది తరిగిపోతుంది. పొదుపు ఖాతాలో వడ్డీ తక్కువైనా ఏ రోజు కావాలంటే ఆ రోజు తీసుకోవచ్చు.

కొనేటప్పుడు ఇంకో అయిదు వేలేస్తే 48 వోల్టుల, వెయ్యి వాట్ల మోటారు వస్తుందన్నారు. వద్దన్నాను. మోటారు 250 వాట్ల లోపు, వేగం గంటకి 25 కిలోమీటర్ల లోపు, బ్యాటరీ కాకుండా బరువు 60 కిలోల లోపు ఉన్నంతవరకే రిజిస్ట్రేషనూ లైసెన్సూ అక్కర్లేదు. అది దాటితే మోటారు వాహనం కిందికే వస్తుంది, కానీ సైకిలుకి ఆర్‌సీ ఎవరిస్తారు? ఆర్‌సీ లేనిదానికి బీమా ఎవరు చేస్తారు? ఎవరినైనా గుద్దితే పరిహారం మొత్తం మన జేబులోంచే.

ఓ వానాకాలం పొద్దున సైకిలు కదలనని మొరాయించింది. డిస్‌ప్లే వెలుగుతోంది, మోటారు తిరగదు. ఓ మెకానిక్ చూసి, "ఆయ్, కంట్రోలరు కాలిపోయిందండి, బ్యాటరీ కూడా డౌటేనండి, పదిహేను వేలవుద్దండి" అన్నాడు. రేపు చెబుతానని సైకిలు నడిపించుకొచ్చేశాను. నాలుగొందలు పెట్టి మల్టీమీటరు కొన్నాను. బ్యాటరీ 41 వోల్టులు చూపించింది. నిండుగా ఉంటే 42 కాబట్టి దాని మీద అనుమానం తగ్గింది. తర్వాత బ్రేకు పిడి నుంచి వచ్చే సన్నటి తీగ ఊడదీశాను. చక్రం తిరిగింది. బ్రేకు పట్టగానే మోటారుని ఆపే స్విచ్చి అందులో ఉంటుంది. నీళ్ళు దిగి అది బిగుసుకుపోవడంతో, నేను బ్రేకు మీదే ఉన్నానని కంట్రోలరు నమ్ముతోంది. కొత్త పిడి రెండొందలు.

అందుకే ఎక్కడైనా ముందు చవకైన చోటే వెతకాలంటాను. బ్రేకు తీగ తర్వాత థ్రాటిల్. దాని సిగ్నల్ తీగలో, తిప్పకుండా ఉంటే వోల్టుకి కాస్త తక్కువ, పూర్తిగా తిప్పితే నాలుగుకి దగ్గర రావాలి. మోటారు వణుకుతూ గుంజుతూ ఉంటే హాల్ సెన్సర్ల సన్నతీగలు అయిదూ, లావుపాటి ఫేజు తీగలు మూడూ చూడాలి. కనెక్టరు వదులైతే వేడెక్కి ప్లాస్టిక్కు కరుగుతుంది. సఖినేటిపల్లిలో మా బావమరిది సైకిలుకైతే ఉప్పుగాలికి కనెక్టర్లన్నీ పచ్చటి కిలుము పట్టేస్తాయి. పంటి పడవ మీద నరసాపురం దాటడం అతనికి నిత్యకృత్యం. శుభ్రం చేసి గ్రీజు రాసుకుంటే సరిపోయేదానికి మోటారు మార్చమన్నవాళ్ళున్నారు. ఇరుసు నట్లు నెలకోసారి బిగించుకోవాలి. వదులైతే ఇరుసు గిర్రున తిరిగి తీగల్ని తెంపేస్తుంది, అప్పుడు నిజంగానే మోటారు ఖర్చు.

బ్యాటరీ ముసలిదైన సంగతి నాకు కొవ్వూరు వెళ్ళే రోడ్డు కం రైలు వంతెన ఎక్కుతుంటే తెలిసింది. చదునులో బాగానే పోయేది, ఎత్తుకి రాగానే ఆగేది, ఓ నిమిషం ఆగితే మళ్ళీ కదిలేది. బరువు పడగానే వోల్టేజీ కుంగి, లోపలి రక్షణ బోర్డు కరెంటు కట్ చేస్తోందన్నమాట. పనితెలిసినవాడి చేత విప్పించి చూస్తే, కణాలు (సెల్స్) కట్టిన పది వరసల్లో తొమ్మిది నాలుగు వోల్టుల దగ్గరున్నాయి, ఒకటి మాత్రం 3.4. ఆ వరస ఒక్కటీ మారిస్తే పద్దెనిమిది వందలన్నాడు. ఇంకో మూడు వేల కిలోమీటర్లు నడిస్తే కిలోమీటరుకి 60 పైసలు, లాభమే. పదిహేను వందల కిలోమీటర్లకే ఇంకో వరస కూలితే రూపాయి ఇరవై, నష్టం. మిగతా తొమ్మిదీ అదే వయసువి, ఎన్నాళ్ళొస్తాయో హామీ ఇవ్వలేనని అతనే నిజాయితీగా చెప్పాడు. వద్దనుకున్నాను.

ఖాతాలో అప్పటికి పోగైనదానికి కాస్త కలిపి, పదిహేడు వేలకి లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ చార్జరుతో సహా కొన్నాను. ఈ రకం బరువెక్కువ, కానీ ఎండకి తట్టుకుంటుంది, మామూలుదానికి రెండింతలకి మించి మన్నుతుంది. కొండలున్న ఊళ్ళో అయితే ఆ బరువుకి జంకేవాణ్ణి. డెల్టాలో ఎక్కవలసినవి వంతెనలే. కాగితం మీద ఇది ముప్పై ఏడు వేల కిలోమీటర్లు రావాలి. నేను అయిదేళ్ళకి ముప్పై వేలే వేసుకున్నాను, ఎందుకంటే కణాలకంటే ముందు రక్షణ బోర్డు పోవచ్చు. అలా చూసినా కిలోమీటరుకి 57 పైసలు. పాత చార్జరు దీనికి పనికిరాదు. రెండిటి నిండు వోల్టేజీ వేరు.

ఇది చూసి మా బావమరిది తన స్ప్లెండరు బండిని ఎలక్ట్రిక్‌కి మార్పిస్తానన్నాడు. ఆ బండికి ఆర్టీవో అనుమతి ఉన్న కిట్ మహారాష్ట్రకి చెందిన గోగోఎ1 కంపెనీ 2021లో తెచ్చింది. కిట్ 35 వేలు, దాని మీద జీఎస్టీ, బ్యాటరీతో కలిపితే దాదాపు 95 వేలని అప్పట్లో పత్రికల్లో వచ్చింది. ఆ డబ్బుకి కాస్త జోడిస్తే కొత్త ఎలక్ట్రిక్ స్కూటరే వస్తుంది. కొత్తదానికి జీఎస్టీ 5 శాతం, విడిగా కొన్న లిథియం బ్యాటరీకి 18 శాతం. అనుమతి లేని కిట్ చవగ్గా పడుతుంది గానీ, మార్పు ఆర్‌సీలో ఎక్కకపోతే ప్రమాదమైన రోజు బీమా కంపెనీకి క్లెయిము కాదనడానికి మనమే సాకు ఇచ్చినట్టు. ఆ బండి ఇప్పటికీ పెట్రోలు మీదే నడుస్తోంది, నాకు సరైన నిర్ణయమే అనిపిస్తుంది.

ఖర్చు సంగతి సరే, భద్రత కూడా చూసుకోవాలి. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లోనూ విజయవాడలోనూ ఇంట్లో ఉన్న ఎలక్ట్రిక్ బండి బ్యాటరీలు పేలి మనుషులు పోయారు. న్యూయార్క్‌లో ఇలాంటి మంటలు ఎక్కువై, పరీక్షలో నెగ్గని బ్యాటరీలు అమ్మకూడదని 2023లో చట్టమే తెచ్చారు. మా ఇంట్లో చార్జింగ్ వరండాలోనే, అదీ ఎవరో ఒకరు మేలుకుని ఉన్నప్పుడే. ఎండలో తిరిగొచ్చిన బ్యాటరీని చల్లారనిచ్చాకే ప్లగ్గు పెడతాం. పాత ల్యాప్‌టాప్ కణాలు ఏరి కట్టిన బ్యాటరీ సగం ధరకే దొరుకుతుంది. దాన్ని ఇంట్లోకి రానివ్వకండి. కొనేటప్పుడు కణాల రకం, సీరియల్ నంబరు, వారంటీ నెలలు బిల్లు మీద రాయించుకోండి. రాయనన్న కొట్టులో ఎంత తగ్గించినా కొనకండి.