5.3 అంటే ఎంత?

ములుగు భూకంపం గురించి రాయాలని చాన్నాళ్లుగా అనుకుంటున్న. అందులో నా తప్పు ఒకటి ఉంది, అందుకే చెయ్యి రాలే.

2024 డిసెంబర్ 4, బుధవారం. పొద్దున ఏడున్నర కావస్తుంది. కల్లంల వడ్ల మీద పరదాలు తీస్తున్న. పెద్ద లారీ వస్తున్నట్టు గుర్రుమని చప్పుడైంది. లారీ రాలే. రేకుల షెడ్డు గలగలమన్నది, కుడితి గోలెంల నీళ్లు అంచు దాటి ఒలికినయ్. నాలుగైదు సెకన్లు ఉంటదేమో.

మాది నాయిన కట్టిన మట్టిగోడల గూనపెంకుల ఇల్లు. లోపల అవ్వ ఉంది. ఉరికిన. ఆమె అప్పటికే వాకిట్ల నిలబడి, "భద్రాచలం కాడ వచ్చినప్పుడు గూడ గిట్లనే అయింది బిడ్డా" అన్నది. అది 1969 ఏప్రిల్ ముచ్చట. నేనింకా పుట్టలే.

కాసేపటికి టీవీలో లెక్క వచ్చింది. 7 గంటల 27 నిమిషాలకు, 40 కిలోమీటర్ల లోతున, తీవ్రత 5.3. హైదరాబాద్, విజయవాడ దాకా ఊగిందట. హోటల్ కాడ ఒకాయన "పదికి అయిదు, సగం ప్రమాదం" అన్నడు. నేనూ తలూపిన.

తర్వాత ఒక సైన్స్ సారు చెప్తే తెలిసింది, అవి పరీక్ష మార్కులు కావని. ఒక్క అంకె పెరిగితే ఊపు పది రెట్లు, భూమిలోంచి వెలువడే శక్తి సుమారు 32 రెట్లు. 1993ల లాతూరుది 6.2. మనదానికి, దానికి అంకెలో ఒకటి గూడ తేడా లేదు, శక్తి మాత్రం ఇరవై రెట్ల పైనే. పైగా అది మనదాని కన్నా చాలా తక్కువ లోతుల పుట్టింది. తెల్లారుజామున రాళ్లు, మట్టి గోడలు నిద్రలో ఉన్నోళ్ల మీద కూలినయ్. దాదాపు పది వేల మంది పోయిన్రు. మా ఇంటి గోడలు గూడ మట్టివే గదా అని అప్పుడు గుండె ఝల్లుమన్నది.

ఇంకో మాట. అయిదు హెచ్‌పీ మోటరు అంటే ఏ మడి కాడ నిలబడి అడిగినా అయిదే. నీళ్లు మాత్రం మొదటి మడికి అందినట్టు చివరి మడికి అందవు. 5.3 అనేది మోటరు లెక్క. మన ఇంటికి ఎంత ఊపు తగిలిందనేది వేరే. అది దూరాన్ని బట్టి, నేలను బట్టి మారుతది. ఎంత నష్టమనేది గోడను బట్టి.

ఇగ నా తప్పు. ఆ సాయంత్రం ఫోన్ల ఒక గొంతు వచ్చింది. "రాత్రి రెండు గంటలకు ఇంతకన్నా పెద్దది వస్తది" అని. ముందు వెనక చూడకుండ ఊరి గ్రూపుల పెట్టిన. ఊరు సగం చలిల బయటనే పండుకుంది. అవ్వ మంచం గడ్డివాము పక్కన వేసిన. రెండు దాటింది, మూడు దాటింది, ఏం రాలే. ఒక భూకంపం తర్వాత చిన్నచిన్నవి మళ్లా రావచ్చు, అది నిజమే. కానీ ఫలానా రోజు, ఫలానా గంట అని చెప్పగలిగే మిషను ఏ దేశంలోనూ లేదు. అవ్వకు మూడో రోజు జ్వరం, ఆయాసం. అయిదు రోజులు దవాఖానల ఉన్నం. కల్లంల వడ్లు తమ్ముడు చూసుకున్నడు.

అవ్వ పండుకునే అర్రల గోడకు పగులు కనబడ్డది. అది అంతకుముందు ఉన్నదో లేదో గుర్తు లేదు. పగులు కొసన పెన్సిల్‌తో గీత గీసి తేదీ రాసిన. వానాకాలం అయినంక చూస్తే పగులు గీత దాటి బొటనవేలంత పోయింది. అవ్వను ముందు అర్రలకు మార్చిన. ఆమెకు ఇష్టం లేదు. రోజూ పండుకునే ముందు "ఫోన్ల మళ్లా ఏమన్న వచ్చిందా?" అని అడిగి నవ్వుతది.